గలీబులో రేపటి బట్టలు

మొన్న మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికి అందరం బెంగళూరు పోయాం. మగపెళ్ళివారు మాకు కల్యాణమండపం పైన ఒక గది ఇచ్చారు. మా కోడలు ఇంటి నుంచి తన దిండు కారులో వేసుకుని మరీ వచ్చింది. అయినా తెల్లారేసరికి ముఖం ఉబ్బిపోయి, పరుపు రాయిలా ఉందనీ, ఫ్యాను కిర్రుమంటోందనీ, ఎవరెవరు పడుకుని లేచిన మంచమో ఏమోననీ ఒకటే గొణుగుడు. మావాడు రాత్రంతా సెల్లు చూస్తూనే ఉన్నాడట. హాయిగా నిద్రపోయింది నేనొక్కదాన్నే. "నీకెట్లా పట్టిందత్తా?" అని కోడలు అడిగింది, నిద్రపోవడం కూడా నేను చేసిన నేరమైనట్టు. నేను నవ్వి, నా దిండు గలీబు ముడి విప్పి, అందులోంచి ఆ పూట పెళ్ళికి కట్టుకోవాల్సిన చీర తీసి దులిపాను. మడత నలగకుండా ఇస్త్రీ చేసినట్టే ఉంది. కోడలు నోరు తెరిచి చూసింది. ఆ విద్య నాది కాదు. దుబాయ్‌లో ఒక వంటామె నాకు పెట్టిన భిక్ష అది.

మా ఆయన నాపరాళ్ళ గనిలో కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చున్నాక, రెండువేల రెండులో, నేను కడప జిల్లా నుంచి దుబాయ్ పోయాను. అల్ కుసైస్‌లో ఒక అరబ్బుల ఇల్లు. ఇంటావిడను మేం మామా అని పిలిచేవాళ్ళం. అక్కడ పనిమనుషులందరి నోటా అదే పిలుపు. ఆమె చంటిబిడ్డను చూసుకోవడం నా పని. వంటకు నాకంటే చాలా ముందే వచ్చిన ఆమె ఉంది, మా జిల్లాలోనే రాయచోటి వైపు సాయిబుల ఆడమనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నోట తెలుగు మాట విన్న రోజు నాకు వచ్చిన ఏడుపు, ఊరు విడిచిన రోజు కూడా రాలేదు.

ఆ ఇంటివాళ్ళకు ఒకచోట కుదురు లేదు. అక్కడ సెలవు శుక్రవారం, బేస్తవారం వస్తే చాలు, "యల్లా యల్లా", పదండి పదండి అని కారెక్కేవాళ్ళు. రస్ అల్ ఖైమాలో మామా అక్క ఇల్లు, అల్ ఐన్‌లో ఖర్జూరపు తోట, చలికాలమైతే ఇసుక దిబ్బల నడుమ డేరా. ఇక రువైస్‌లో మామా తమ్ముడు. ఆయనది చమురు కంపెనీ ఉద్యోగం. అక్కడికి పోవాలంటే ఒక పక్క ఇసుక, ఒక పక్క ఉప్పునేల చూసి చూసి కళ్ళు కాయలు కాయాలి. కారు వెనక సీట్లో బొగ్గుల సంచికీ కోళ్ళ డబ్బాకీ మధ్య అక్కా నేనూ. పోయిన చోటల్లా ఇంటివాళ్ళకు గదులుండేవి. మాకు మాత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పరుపు పరిచేవాళ్ళు. ఒకచోట బియ్యం మూటల గది, ఒకచోట ఇస్త్రీ గది, ఇంకోచోట అద్దాలు బిగించిన వసారా. దుప్పట్లకు మాత్రం లోటు లేదు, పులి బొమ్మలేసిన లావుపాటివి. ఆ పులులు మా ఇద్దరినీ ఎన్ని ఊళ్ళలో చూశాయో.

అక్క నిద్ర చూసి తీరాల్సిందే. నడుం వాల్చిందంటే అంతే. బియ్యం మూటల గదిలో ఎలుకలు సంత పెట్టుకున్నా కదిలేది కాదు. ఏసీ ఒకటి మా తలల మీద ఆటోలా గడగడమంటుండేది, దాన్ని మించి అక్క గురక. పొద్దున లేస్తే అప్పుడే తలంటుకున్నదానిలా కళకళలాడే ముఖం. నలుగురు రొట్టెలు చేసే పొయ్యి దగ్గర ఒక్కతే నిలబడి, పాట అందుకుని, ఊరుకాని ఊళ్ళో కూడా ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కోకుండా తీసేది. ఆమెకు ఒక వింత అలవాటు ఉండేది. ఏ ఇంట దిగినా, వంటింట్లోకి అడుగు పెట్టకముందే, "మేం పండుకునేది యాడ?" అని అడిగి ఆ చోటు చూసొచ్చేది. తర్వాత వంటకు పప్పు ఏరాలంటే, వంటింట్లో ఎంత చోటున్నా, చేట పట్టుకుని పోయి ఆ పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఏరేది. ఇదేం పిచ్చి అని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

నా సంగతి వేరు. పుట్టినప్పటి నుంచి రెండే రెండు ఇళ్ళలో పడుకున్నదాన్ని, అమ్మగారిల్లు, అత్తగారిల్లు. కొత్త పరుపు తగిలితే నా వీపు ఒప్పుకునేది కాదు. ఎవరైనా పిలుస్తారేమో, బిడ్డ ఏడుస్తుందేమో, పొద్దున్నే లేవలేనేమో అని ఒకటే గుబులు. జిప్పు వేసిన సంచి తలకింద, చెప్పులు చేతికందే చోట, తలగుడ్డ తీయకుండా, బస్టాండులో పడుకున్నట్టు పడుకునేదాన్ని. తెల్లారాక కళ్ళలో ఇసుక పోసినట్టుండేది.

అది ఒకనాడు రువైస్‌లో నా ప్రాణం మీదికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వాళ్ళ అలవాటు ప్రకారం నిప్పుల మీద అగరు చెక్క వేసి బట్టలకు పొగ పట్టించుకున్నారు. ఆ నిప్పుల గిన్నె తివాచీ అంచున ఉంది. బిడ్డ నా ఒళ్ళో ఆడుకుంటోంది. ఆ గది చల్లదనానికి, ఆ వాసనకు, నాకు తెలియకుండానే తల వాలిపోయింది. అక్క కేకతో ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. బిడ్డ పాకుతూ పోయి గిన్నె మీదికి చెయ్యి చాపింది, అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తేసుకుంది. గుమ్మంలో మామా నిలబడి ఉంది. ఆమె అరిచే మనిషి కాదు. బిడ్డను తీసుకుని, "ఇంకొక్కసారి ఇట్లా జరిగితే ఖలాస్. నిన్ను ఆఫీసుకు అప్పజెప్తాను" అంది. ఆఫీసంటే మమ్మల్ని తెప్పించిన ఏజెన్సీ. అక్కడికి పంపడమంటే విమానం ఎక్కించడమే. ఇంట్లో కాలు విరిగిన మొగుడు, బడికి పోయే పిల్లలు కళ్ళ ముందు తిరిగారు.

గిన్నెలు కడుగుతూ ఏడుస్తుంటే అక్క నా పక్కన చేరింది.

"ఏమ్మే, నిన్న యాడ పండుకున్నావు నువ్వు?"

"నీ పక్కనే కదక్కా, ఆ పరుపు మీద."

"పండుకోలేదు. కాపలా కాసినావు. తలకింద సంచి, పక్కన చెప్పులు. ఏం, బస్సొస్తాదా నీకోసరం?"

"కొత్త చోటు అక్కా. నాకు నిద్ర రాదు."

"కొత్తదే. పగలంతా దాని ముఖం సూడకుండా, పొద్దు గూకినాక పోయి దభీమని మీద పడితే అది మాత్రం ఏం చేస్తాది? కొత్త కోడల్ని గూడా పట్టపగలే తెస్తారు గదే ఇంటికి!"

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని మా పరుపుల దగ్గరికి లాక్కుపోయింది. తన దిండు ముందర పెట్టింది. అది దిండు కాదు, పాత నూలు చీరతో కుట్టిన గలీబు, మూతికి నాడా. లోపల మరుసటి రోజు వేసుకోవాల్సిన గౌను, తలగుడ్డ మడతపెట్టి ఉన్నాయి.

"ఊరి నుంచి తెచ్చుకున్న చీరతో కుట్టుకున్యా. యాడికి పోయినా తల దీనిమీదే పెడ్తా. పరుపులు మారనీ, దుప్పట్లు మారనీ, తలకు మాత్రం ఒకటే చోటు. రేపటి గుడ్డలు తలకింద ఉంటే, రేపటికి తొందరేముంది? పొద్దైనాక అదే లేపుతాది. నువ్వు దాన్ని సంచిలో కట్టుకోని దానెంట పరిగెత్తుతాండావు."

దుబాయ్ తిరిగొచ్చాక నాకూ ఒక గలీబు కుట్టిచ్చింది, తన చీర మిగిలిన ముక్కతోనే.

తర్వాతి వారం డేరాకు పోయాం. ఎండ ఇంకా ఉండగానే అక్క నా చేతికి చేట ఇచ్చింది. ఇద్దరం డేరాలో మా పరుపుల మీద ఎదురెదురుగా కూర్చుని పప్పు ఏరాం. బిడ్డ మధ్యలో దొర్లుతోంది. గాలికి డేరా గుడ్డ ఎక్కడ కొట్టుకుంటుందో, ఒంటెలు ఏ వైపు నుంచి అరుస్తాయో, ఇసుక ఏ మూల నుంచి లోపలికి వస్తుందో, అన్నీ వెలుతురులోనే తెలిసిపోయాయి. చెప్పులు బయట విడవమంది, విడిచాను. సంచి విప్పమంది, విప్పాను. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పలేను, ఎందుకంటే నాకు గుర్తున్నది పొద్దున అక్క నా కాలు తట్టి, "లెయ్యి మే, అరబ్బులు గూడా లేసినారు" అనడం ఒక్కటే. మామా వచ్చి నా ముఖంలోకి కాసేపు చూసింది. బిడ్డను నా చేతికిచ్చి తను టీ తాగడానికి పోయింది. ఆఫీసు మాట మళ్ళీ ఎన్నడూ రాలేదు.

అక్క రెండువేల ఎనిమిదిలో ఇక చాలనుకుని ఊరికి వెళ్ళిపోయింది. ఆమె కట్టించిన ఇల్లు అక్కడ ఎదురుచూస్తోంది. పునాది తీసినప్పుడు ఆమె లేదు, రంగులేసినప్పుడూ లేదు. వెళ్ళిన కొద్దిరోజులకు మిస్డ్ కాల్ ఇస్తే నేను దుబాయ్ నుంచి ఫోన్ కార్డు వేసి చేశాను. గొంతు నీరసంగా ఉంది.

"నిద్ర పట్టడం లేదు మే. నా బిడ్డ డబల్ కాట్ కొని పెట్టింది, మెత్తటి పరుపు. పేరుకు నా ఇల్లు. పండుకుంటే మాత్రం మామా చుట్టాలింటికి పోయినట్టే ఉండాది."

బియ్యం మూటల మధ్య గురకపెట్టిన మనిషి! నెమ్మదిగా అడిగాను, "అక్కా, ఆ మంచం మీద కూర్చుని పప్పు ఏరినావా?"

"లేదు మే" అంది. "నా ఇల్లే గదా అనుకున్యా."

ఆ వారంలోనే మళ్ళీ మిస్డ్ కాల్ వచ్చింది. ఈసారి పాత గొంతు. "పండుకున్యా మే! నా బిడ్డ లేపితే గాని లెయ్యలా. కొత్త పరుపంతా పప్పు నలుసులు చేసినావని తిడ్తాంది నన్ను!"

బెంగళూరు గదిలో కోడలికి ఇదంతా చెప్పాను. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే, మంచం మీద మఠం వేసుకుని కూర్చుని రిసెప్షన్‌కు పూలు మాల కడుతోంది. నేను చూడనట్టు ఇవతలికి వచ్చేశాను. అక్క కుట్టిచ్చిన గలీబు ఇప్పుడు అరచెయ్యి కనిపించేంత పల్చబడింది. నేను మాత్రం ఇప్పటికీ పొద్దుండగానే రేపటి చీర మడతపెట్టి అందులో పెడతాను, ఇన్నేళ్ళలో ఏ ఒక్క రేపూ నన్ను లేపకుండా వెళ్ళిపోలేదు.