తొలగించిన టేకుల కోసం రాయపూర్

ఈ ప్రయాణానికి కారణం సునీత ఫోన్. అభన్‌పూర్‌లో నర్సుగా పనిచేస్తున్న ఆమె, మా రాక్ బృందం గాయకుడు శామ్యూల్‌కు చెల్లెలు. శామ్యూల్ కామెర్లు ముదిరి చనిపోయి అప్పటికి ఆరేళ్ళు. "దేవేంద్ర నగర్ స్టూడియో ఖాళీ చేసేస్తున్నారంట అన్నయ్యా. మీరు పక్కన పడేసిన పాటలు, మధ్యలో మీ మాటలు ఇవ్వమంటే, మీ బృందం సెక్రటరీ రావాలంటున్నాడు రావు అంకుల్. ఒకసారి వచ్చి ఇప్పించవా? మా శామ్యూల్ మామూలుగా ఎలా మాట్లాడేవాడో మర్చిపోతున్నాను," అంది. సదరు సెక్రటరీని నేనే.

రాయపూర్‌కు తెలుగు రాక్ బృందం ఎందుకు అవసరమైందన్న ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం నేటికీ లభ్యం కాలేదు. రైల్వే కాలనీలో పెరిగిన నలుగురం 'అవుటర్ సిగ్నల్' అని పేరు పెట్టుకుని, పదకొండు ఆదివారాల్లో ఎనిమిది పాటల ఆల్బమ్ ఒకటి రికార్డు చేశాం. పాటలు రాసింది నేను. తెలుగులో ఎం.ఏ. పట్టా ఉన్న కారణంగా ఉచ్చారణ పర్యవేక్షణాధికారిగా నన్ను నేనే నియమించుకున్నాను. శామ్యూల్ తెలుగులో సగం కాకినాడ అమ్మమ్మది, సగం రాయపూర్ బజారుది. అది ప్రమాణాలకు అనుగుణంగా లేదని తీర్మానించి, ఒక్కో చరణాన్నీ ముప్పై, నలభై సార్లు పాడించి, అన్ని టేకులూ రికార్డు చేయించాను. "అరే యార్, ఇది పాటా, పరీక్షా?" అని నవ్వేవాడు. మళ్ళీ పాడేవాడు.

ఆల్బమ్‌కు లభించిన స్పందన విషయానికొస్తే, హైదరాబాద్‌లోని ఒక చిన్న పత్రిక రెండు వాక్యాలు కేటాయించి, అందులో ఒకటి 'నిర్దుష్టమైన ఉచ్చారణ'కు వెచ్చించింది. ఆ వాక్యానికి నేను జిరాక్సులు తీయించి పంచాను. కాలనీ హాల్లో విడుదల రోజున సునీత ఎనిమిది పాటలూ ఓపిగ్గా విని, "బాగున్నాయిరా. నీ పాటెప్పుడొస్తుంది?" అని అన్నను అడిగింది. హాలంతా నవ్వింది. శామ్యూల్ కూడా నవ్వాడు. ఆ వ్యాఖ్యను నేను ప్రతికూల అభిప్రాయాల కింద నమోదు చేశాను.

నేనిప్పుడుంటున్న విశాఖలో సాయంత్రం ఎక్కిన రైలు గంటన్నర ఆలస్యంగా మర్నాడు తొమ్మిదిన్నరకు రాయపూర్ చేర్చింది. స్టేషన్ బయట ఇరవై రూపాయలకు పోహా అనే అటుకుల ఉప్మా, వేడి జిలేబీ దొరుకుతాయి. ఈ ఊళ్ళో ఉదయం ఇంకేదీ వెతకనక్కర్లేదు. దేవేంద్ర నగర్‌కు ఆటో నలభై రూపాయలు. స్టూడియోకు అనగానే డ్రైవర్ హిందీలో విచారణ ప్రారంభించాడు.

"ఫోటో స్టూడియోనా?"

"పాటలది."

"పెళ్ళి పాటలా, భజనలా?"

"రెండూ కాదు."

"మరి ఎవరు వింటారు భయ్యా?"

ఆ ప్రశ్నకు మా అమ్మకాలు ఇదివరకే సమాధానం ఇచ్చి ఉన్నాయి.

స్టూడియో యజమాని రావు గారు రైల్వే గుమాస్తాగా రిటైరైన శ్రీకాకుళం మనిషి. గోడలకున్న ఫోమ్ పలకలు ఊడదీయిస్తున్నారు. "ఏటి సెక్రటరీ, బొత్తిగా ముసిలోడివైపోనావు," అంటూ కుర్చీ చూపించి, నేను అడగకముందే అట్టఫైలు తెరిచి ఒక కాగితం ముందుంచారు. దస్తూరి నాదే. 'తుది ఎంపిక పూర్తయినందున, తిరస్కృత టేకులను, వాటి మధ్య జరిగిన సంభాషణలతో సహా, తక్షణం తొలగించవలెను.' లోపభూయిష్టమైనదేదీ భావితరాలకు చేరరాదన్నది నా ఉద్దేశం. కింద నలుగురి సంతకాలు. శామ్యూల్‌ది హిందీలో ఉంది.

"నిజంగానే తుడిచేశారా?"

"రాసిచ్చినావు కదా. రైల్వేలో రాసిన కాగితం వస్తే పని అయిపోవాల. ఆ రోజే చేసీసినాను."

"మరి సునీతకు ఈ మాట చెప్పొచ్చు కదండీ? నన్ను ఇంత దూరం రప్పించడం ఎందుకు?"

"ఆర్డరు ఇచ్చినోడే సెప్పాల. నాను ఎలా సెప్తానయ్యా?" ఫైలు కట్టేస్తూ మళ్ళీ అన్నారు. "తుడవకముందు ఆ కుర్రోడు ఒక్కడే వచ్చినాడు. ఒక్క టేకు ఉంచు అంకుల్, సెల్లికి ఇస్తాను అన్నాడు. సెక్రటరీ దగ్గర కాగితం రాయించుకుని రమ్మన్నాను. నవ్వీసి, 'రహనే దో అంకుల్, ఆడికి బురా అనిపిస్తాది,' అని ఎలిపోనాడు."

'ఆడు' అంటే నేను.

అభన్‌పూర్ బస్సు పన్నెండున్నరకు దొరికింది. గంట ప్రయాణం, ధమ్తరి వైపు వెళ్ళే ఏ బస్సయినా ఆగుతుంది. సునీత డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే చేపల కూర వేడి చేస్తోంది. నా చేతుల వైపు, తర్వాత నా సంచి వైపు చూసింది. కాగితం సంగతి మొత్తం చెప్పాను. రాసింది నేనేనని మొదటి వాక్యంలోనే చెప్పాను. లేకపోతే ఏ వాక్యంలోనూ చెప్పలేకపోయేవాణ్ణి. శామ్యూల్ ఒక్కడే వచ్చి వెళ్ళిన విషయమూ చెప్పాను.

స్టవ్ ఆపేసింది. తర్వాత, "ఏమన్నాడన్నావు?" అంది.

"ఉండనివ్వండి అంకుల్, అతనికి బాధ కలుగుతుంది, అన్నాడట."

"వాడు అలా అనడు."

ఈసారి రావు గారు చెప్పిన మాటల్లోనే చెప్పాను.

"అది రావు అంకుల్ యాస. వాడు 'అంకుల్'ని సాగదీస్తాడు. ఇంకోసారి చెప్పు."

చెప్పాను.

"'రహనే దో' దగ్గర నవ్వుతాడు. నువ్వు నవ్వట్లేదు."

నవ్వడానికి ప్రయత్నించాను. ఎన్నిసార్లు చెప్పించిందో నేను లెక్క పెట్టలేదు. కూర చల్లారింది. ఒకసారి మాత్రం కళ్ళు మూసుకుని, "ఆ... ఇంచుమించు," అంది. అదే మాట మళ్ళీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపేసింది.

ఒక మనిషి గొంతును సవరించే అధికారం నాకు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు; ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు గనుక చెలామణీ అయింది. ఆల్బమ్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఎనిమిది పాటల్లో ఎక్కడా ఒక్క తప్పు లేదు, శామ్యూల్ కూడా లేడు. ఈ దారిన వెళ్ళేవారికి ఒక ఉపయోగకరమైన సూచన: అభన్‌పూర్ నుంచి రాయపూర్‌కు సాయంత్రం దాకా బస్సులు తరచుగానే ఉంటాయి, కాబట్టి ఎవరి ఇంట్లోనైనా మిమ్మల్ని ఇంకోసారి చెప్పమంటే తొందరపడి లేవకండి. నేను మూడు బస్సులు వదిలేశాను.