ఇంజను మూత మీద బొట్టు

నరసన్నపేట హైవే పక్క రేకుల షెడ్డులో కూర్మయ్య పాతకార్ల ఇంజను భాగాలకు మెరుగు పెడతాడు. పుట్టింది చేపలు పట్టే ఇంట. పడవ ఇంజన్లను ఉప్పుగాలి ఎలా కొరికేస్తుందో చిన్నప్పుడే చూశాడు గనక, మెరుగుపెట్టిన లోహాన్ని ఎవరినీ ఉత్తచేత్తో ముట్టుకోనివ్వడు. చెమటలోనూ ఉప్పే కదా అంటాడు. రంగు వేసి లోపాలు కప్పేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట.

బొబ్బిలిలో సంగీతం చెప్పే భావనారాయణ, తండ్రిగారి ఫియట్ కారును బాగుచేయిస్తూ, దాని ఇంజను అల్యూమినియం మూతను కూర్మయ్యకు ఇచ్చాడు. వార్నిషు వద్దు, లోహం లోహంలాగే కనిపించాలన్నాడు. మూత నడుమ రూపాయి బిళ్లంత నల్లమచ్చ. కూర్మయ్య ఉప్పుకాగితంతో రెండు రోజులు రుద్ది, గుడ్డచక్రం మీద పట్టి, దాన్ని ఆనవాలు లేకుండా చేశాడు. భావనారాయణ వచ్చి చూసి, "బాగుంది" అని ఊరుకున్నాడు. అంత పనికి ఆ ఒక్క ముక్కేనా అని కూర్మయ్యకు కొంచెం గుచ్చుకుంది. ఇక మైనం పూత ఒక్కటే మిగిలింది. పండగ వెళ్లాక ఇస్తానన్నాడు.

దసరా నాడు పనిముట్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెడుతూ, అలవాటు చొప్పున ఆ మూతకీ నడుమ ఓ తడిబొట్టు పెట్టేశాడు. షెడ్డు మూసి ఊరికి పోయి, మూడు రోజులకు వచ్చి తుడిస్తే బొట్టు పోయింది, మచ్చ మిగిలింది. పదిమందికి బుద్ధులు చెప్పేవాడు చేసిన పని అది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"మరోపాలి సక్రం మీద ఎట్టీ. ఎవలికి తెలుస్తాది?" అంది భార్య చిన్నతల్లి.

"ఇంకోపాలి అరగదీస్తే దాని మీద కంపినీ అచ్చరాలు పోతాయే. ఆయనకి సెప్పీడమే."

మర్నాడు భావనారాయణ వచ్చాడు.

"తప్పు నాదే పంతులుగారూ. కుంకంలో సున్నం ఉంటాది. ఈ లోహాన్ని తినేస్తాది. తెలిసీ ఎట్టేసినాను," అన్నాడు కూర్మయ్య తల వంచుకుని.

భావనారాయణ మూతను వెలుగుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"మా నాన్నగారు ప్రతి దసరాకీ ఇక్కడే బొట్టు పెట్టేవారు. నువ్వు తీసేసింది ఆ మచ్చే. తీయొద్దని ముందు చెప్పడం మరిచాను. తీశాక నీ కష్టం చూసి చెప్పడానికి నోరు రాలేదు."

కూర్మయ్య చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మైనం డబ్బా తెరిచాడు. మచ్చ మీద నుంచే పూత మొదలుపెట్టాడు.