గళ్ళు గీసి పెంచిన వీధి

సెక్టర్ 6లో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఊళ్ళోనే ఉన్న రిసాలికి మారేలోగా మా వీధిని పెద్ద బొమ్మగా వేసిమ్మని నా భార్య అడిగింది. కొత్త ఇంటి ముందు గదిలో పెట్టుకోవాలని ఆమె కోరిక. ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగమంతా గీతలతోనే గడిపినవాణ్ణి. రిటైరయ్యాక నీటిరంగులు పట్టాను. ఇదేమంత పని అనుకున్నాను.

ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడి, అరచేతంత కాగితం మీద ఇంకు పెన్నుతో గబగబా గీశాను. మబ్బు కమ్ముకొస్తోంది. ఎదురింట్లో ఆరేసిన బట్టలు లాక్కెళుతున్నారు. చినుకులు పడతాయన్న తొందరలో కిటికీలు కొన్ని వదిలేశాను. వేపచెట్టు ఒక్క గీతలో వంగింది, కరెంటు స్తంభం పక్కకి ఒరిగింది. లోపలికొచ్చి చూసుకుంటే బాగుంది. నాకే ఆశ్చర్యం.

అక్కణ్ణుంచి నా పద్ధతి మొదలైంది. ఆ స్కెచ్ మీద సన్నగా పెన్సిలుతో గళ్ళు గీశాను. పెద్ద కాగితం మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, ఒక్కో గడిలోదాన్ని ఒక్కో గడిలోకి ఎక్కించాను. చిన్న కాగితం మీద ఉన్నది ఇనుములోనూ ఉండి తీరాలని ఆఫీసులో నేర్చుకున్నవాణ్ణి. వదిలేసిన కిటికీలను మళ్ళీ వెళ్ళి చూసొచ్చి చేర్చాను. స్తంభాన్ని నిలువుగా సరిచేశాను. వారం పట్టింది.

ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఎదురింటాయన తొంగిచూసి, ఇంటి ప్లాను ఎప్పుడు పాసవుతుందని హిందీలో అడిగాడు. నవ్వాను గాని ఒళ్ళు మండింది.

నా భార్య రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఈ చిన్నదాన్లో వానొచ్చీలాగుంది. దీన్లో రాదు."

ప్రతి గీతా అందులోనిదేనని, కొలిచి మరీ వేశానని చెప్పాను.

"కొలిస్తే వానొచ్చెస్తాదేటండీ?"

ఆ తొందరలో కన్ను పట్టుకున్నదే స్కెచ్‌లో ఉంది. వదిలేసినదాన్ని పెద్ద కాగితం మీదా వదిలెయ్యాల్సింది. ఇది తెలిసింది గాని చేతికి రాలేదు. గళ్ళు లేకుండా మరో కాగితం తడిపి మొదలుపెట్టాను. స్తంభం దగ్గరికొచ్చేసరికి చెయ్యి స్కేలు కోసం వెతికింది. అదీ చెడింది.

సామాను కట్టే రోజు వచ్చేసింది. పెద్ద కాగితాలు రెండూ అలమర అద్దానికి దన్నుగా పెట్టి కట్టేసింది నా భార్య. చిన్నదానికే ఫ్రేము కట్టించమంది. రబ్బరుతో రుద్దితే గళ్ళతోపాటు ఇంకూ మాసిపోతోంది, సగంలో ఆపేశాను.

ఇప్పుడు రిసాలిలో, అంత గోడకీ అదొక్కటే. వచ్చినవాళ్ళకి ఆమె దూరం నుంచి చూపిస్తుంది. నాకు మాత్రం ఎక్కడ కూర్చున్నా గళ్ళే కనిపిస్తున్నాయి.