సర్వేలో నొక్కిన ‘అవును’

‘క్షమించండి, ఈ సర్వేకి మీరు సరిపోరు’ అని ఆ కంప్యూటర్ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు. ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పేది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది. మీకు కారు ఉందా? లేదు. ఏసీ ఉందా? లేదు. పోయిన ఏడాది విమానం ఎక్కారా? నారాయణఖేడ్‌లో విమానం మాట దేవుడెరుగు, సంగారెడ్డి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే అదే మాకు పండగ. లేదు, లేదు అని నొక్కడం, వెంటనే సారీ అనిపించుకోవడం. ఇంత దానికి మమ్మల్ని పిలవడమెందుకు అని తెరనే తిట్టేదాన్ని.

అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. సంగారెడ్డిలో ఒక డాక్టరమ్మకు చూపించుకుంటే, చీటీ నిండా పరీక్షలు రాసిచ్చింది. డిపో ఉద్యోగం పుణ్యాన బస్సు చార్జీ బాధ లేదు గానీ, ఆ పరీక్షలు మా ఇద్దరి జీతాలకు లొంగేవి కావు. ఎవరినీ చేయి చాచి అడగొద్దని మా ఆయన పట్టుదల. సరే, నేనే ఏదో ఒకటి చేస్తానని నా పట్టుదల.

బస్టాండు వెనక సందులో నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలతో గూళ్లలా అడ్డాలు కట్టి, ఒక్కో గూట్లో ఒక్కో కంప్యూటర్ పెట్టారు. దాన్ని నడిపే భాయ్ మా ఆయనకు తెలిసినవాడే. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. బడి పిల్లల మార్కుల షీట్లు కొట్టించుకోవడానికి వెళ్లినప్పుడు ఆయనే ఈ సర్వేల సంగతి చెప్పాడు. ‘బహెన్, మీకు ఇంగ్లీష్ అస్తది గదా. కంపెనీవాళ్లు సవాళ్లు అడుగుతరు, జవాబు నొక్కుడే. పాయింట్లు జమైతే బ్యాంకుల పైసలు ఏస్తరు’ అన్నాడు. బడి అయిపోగానే వెళ్లి కూర్చునేదాన్ని. సగం సర్వేలో కరెంటు పోయేది. కింద యూపీఎస్ డబ్బా కీచుకీచుమని మొత్తుకుంటుంటే ఆదరాబాదరాగా నొక్కేదాన్ని. అలా నొక్కినవన్నీ చివరికి సారీ దగ్గరే తేలేవి.

ఒక సాయంత్రం వచ్చిన సర్వేలో పిల్లలున్నారా అని అడిగారు. లేరు అని నొక్కాను. ఇక సారీ వస్తుందని సంచీ సర్దుకుంటున్నా. రాలేదు. ఇంకో ప్రశ్న వచ్చింది. ‘ఆర్ యూ ఎక్స్‌పెక్టింగ్?’ అని.

ఎక్స్‌పెక్ట్ అంటే ఎదురుచూడటం. ఇంగ్లీషు సారు రాని రోజు ఆ మాటకు అర్థం బోర్డు మీద రాసి పిల్లలతో వల్లె వేయించినదాన్ని నేను. పిల్లలు లేరన్నాను కదా, మరి ఎదురుచూస్తున్నారా అని అడుగుతున్నారు. మా వాడలో అందరూ ‘ఇంక ఏం లేదా?’ అనేవాళ్లే గానీ, ఎదురుచూస్తున్నావా అమ్మా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఎదురుచూడక చస్తామా! అవును అని నొక్కాను.

ఎప్పటికి అని తర్వాతి ప్రశ్న. డాక్టరమ్మ ‘ఎండాకాలం దాకా చూద్దాం’ అని ఉంది కాబట్టి ఏప్రిల్ పెట్టాను. అంతే, గేటు ఎత్తేసినట్టు సర్వేలు రావడం మొదలైంది. ఏ సబ్బు వాడతారు, ఏ పాలపొడి కొంటారు, ఊయల కర్రదా, గుడ్డదా? ఒక్కటీ సారీ అనలేదు. పాయింట్లు పెరుగుతుంటే నా ఆనందం ఇంతా అంతా కాదు. పిల్లలు లేనివాళ్ల మీద ఈ కంపెనీకి ఎంత దయ అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కొన్నాళ్లకు ఒక మెయిల్ వచ్చింది. పైన పూలు, కింద ‘శుభాకాంక్షలు, ఈ వారం మీ బిడ్డ నిమ్మకాయంత అయింది’ అని ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివాను.

‘భాయ్, ఎక్స్‌పెక్టింగ్ అంటే ఏంది?’ అని అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. కీబోర్డు మీది దుమ్ము తుడుస్తూ ‘అంటే బహెన్... ఇంట్ల ఖుష్ ఖబర్ ఉన్నట్టు. మావాళ్లు గట్లనే అంటరు, మీరు కడుపుతోని ఉన్నరు అన్నట్టు’ అన్నాడు.

‘మార్చొస్తదా?’ అన్నాను. ఆయన వచ్చి అన్నీ తెరిచి చూశాడు. ‘ఇప్పుడు మారదు, ఆరు నెల్లు అయినంకనే మార్చుకోవాలె అని ఉంది. ఉత్తరం రాద్దమంటే అబద్ధం ఆడినరని ఖాతా బంద్ చేస్తరు. పరేషాన్ గాకుండ్రి, ఎవరొచ్చి చూస్తరు గీ ఖేడ్‌ల’ అన్నాడు.

ఎవరు చూస్తారంటే, పైన తథాస్తు దేవతలు చూడరా! సందె వేళ చెడ్డమాట అనొద్దని, అంటే వాళ్లు తథాస్తు అంటారని చిన్నప్పటి నుంచి విని పెరిగినదాన్ని. నేను అన్నది మంచి మాటే కదా, మంచికి కూడా తథాస్తు అంటారు కదా అని ఒక మనసు. మూడో నెల దాటకుండా బయటికి చెబితే నిలవదంటారు, నువ్వు కడుపు రాకముందే ఏ దేశానికో చెప్పేశావు, ఇక ఏం నిలుస్తుందని ఇంకో మనసు. రొట్టెలు చేస్తూ ఇదే, బడిలో భిన్నాలు చెబుతూ ఇదే. భాగహారం తప్పు చేస్తే పిల్లలు నవ్వారు. వాళ్ల మీద అరిచాను, పాపం.

ఆ నెల నాకు తేదీ దాటింది.

ఇవాళ, రేపు అనుకుంటూ ఉన్నాను. రాలేదు. నాకు ఎప్పుడూ అలా తప్పదు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. చెబితే పోతుందేమోనన్న భయం. బావి దగ్గర బిందె ఎత్తాలన్నా భయమే, ఎత్తకపోతే మా అత్తమ్మ ఎందుకని అడుగుతుందని భయం. బడికి ఆటో ఎక్కడం మానేసి నడిచి వెళ్లేదాన్ని. మా రోడ్ల సంగతి తెలిసిందే, గుంతలో పడితే పేగులు నోట్లోకి వస్తాయి. నడుస్తూ నడుస్తూ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఎవరైనా చూశారేమోనని తీసేసేదాన్ని.

సర్వేలు మాత్రం వదల్లేదు. నేనూ వెళ్లడం మానలేదు. పాయింట్ల కోసమే వెళ్తున్నానని అనుకునేదాన్ని గానీ, నిజానికి ఆ ప్రశ్నల కోసం. పొద్దున లేవగానే వికారంగా ఉందా? నిద్ర పడుతోందా? ఇంట్లో ఎవరు సాయం చేస్తున్నారు? ఒకరోజు, మీకు ఎంత ఆందోళనగా ఉంది, ఒకటి నుంచి ఐదు వరకు చెప్పండి అని అడిగారు. ఐదు నొక్కాను. ఆరు ఉంటే ఆరే నొక్కేదాన్ని. థాంక్యూ అని చెప్పి, తర్వాతి ప్రశ్నలో టూత్‌పేస్టు గురించి అడిగారు.

బడి నుంచి వచ్చేసరికి ఒకనాడు మా అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ముందర ఒక అట్టడబ్బా విప్పి ఉంది. మా అత్తమ్మది బీదర్ వైపు ఊరు. కోపం వచ్చినా, సంబరం వచ్చినా నోట్లోంచి కన్నడం ఊడిపడేది. ఆ రోజు ఏది వచ్చిందో ముఖం చూసి చెప్పలేకపోయాను.

డబ్బాలో చంటిపిల్లల పౌడరు, చిన్న సబ్బు, అట్ట మీద బోసినవ్వుల పిల్లాడు. కంపెనీ నమూనా పంపింది. మా అత్తమ్మకు చదువు రాదు. కానీ ఆ బొమ్మ చదవడానికి చదువెందుకు?

‘ఎన్నో నెల?’ అన్నది.

‘అత్తమ్మా, గది కంపెనోళ్లది...’

‘కంపెనోళ్లకు చెప్పినవ్. ఇంట్ల ఉన్న నాకు చెప్పలే. హౌదా?’ అవునా కాదా అని కన్నడంలో నిలదీసింది.

అబద్ధమంటే ఒక భయం, నిజమంటే ఇంకో భయం. ‘ఇంక ఏం తెల్వదు అత్తమ్మా. కొన్ని దినాలు దాటింది, గంతే’ అన్నాను. పైకి ఆ మాట అన్నది అదే మొదలు.

ఆమె లేచి, నా భుజానికున్న సంచీ తానే తీసింది. ‘నిలబడ్డవేంది, కూసో. ఇగ బిందె ముడితే చూడు నీ సంగతి’ అన్నది. కోడలి సంచీ మోసే మనిషి కాదు మా అత్తమ్మ. నాకు మరింత భయమేసింది.

‘ఎవరికీ చెప్పకు అత్తమ్మా, నీకు దండం పెడ్తా’ అన్నాను. ‘నాకెందుకే’ అన్నది. చీకటి పడేలోపు పక్కింటి ఆమె చింతకాయ తొక్కు గిన్నెతో వచ్చి, నా ముఖం చూసి నవ్వి వెళ్లింది. ‘ఆమె ఒక్కదానికే చెప్పిన’ అని గొణిగింది మా అత్తమ్మ. ఆమె ఒక్కదానికి చెప్పడమంటే బస్టాండులో మైకు పెట్టినట్టే. మర్నాడు మా ఆయనకు డిపోలో ఎవరో మిఠాయి ఎప్పుడని అడిగారట. ఇంటికి వచ్చి, సపోటాల కవరు నా పక్కన పెట్టి, ‘నిజమేనా?’ అన్నాడు.

‘నాకూ తెల్వదు.’

‘దవాఖానకు పోదాం.’

‘రేపు పోదాం’ అన్నాను. మర్నాడూ రేపే అన్నాను. కాదని చెబితే? చెప్పేదాకా అయినా ఉంటుంది కదా అని నా పిచ్చి ఆశ. ఆయన గ్రీసు పోని గోళ్లతో సపోటా తొక్క తీసి పెడుతుంటే, ఆయన ముఖంలోకి చూడలేకపోయేదాన్ని. ఎంత సంతోషంగా ఉన్నాడో చూస్తే ప్రాణం విలవిల్లాడేది.

ఒక మధ్యాహ్నం బోర్డు మీద లెక్క వేస్తుండగా నడుములో నొప్పి మొదలైంది. చాక్‌పీసు అక్కడే పెట్టేసి బయటికి వచ్చాను. బడి వెనక బాత్రూంలోకి వెళ్లి చూసుకున్నాను. ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలియదు. ఎవరో ఆడపిల్ల తలుపు తట్టి ‘టీచర్, జల్దీ రాండ్రి’ అంటే బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్తమ్మ పాత నూలు చీరలు పరుచుకుని చిన్న బొంత కుడుతోంది. ఉతికి ఉతికి మెత్తబడి, వెలిసిన చీరలు. సూదిలో దారం ఎక్కించమని నాకు ఇవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

‘లేదు అత్తమ్మా’ అన్నాను.

ఆమెకు అర్థమైంది. ‘దవాఖానకు పోదమా?’ అన్నది. వద్దన్నాను. ఆమె తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టలేదు. ఆ ఊరుకోవడం భరించలేక అంతా చెప్పేశాను. నెట్ సెంటరు, సర్వేలు, పరీక్షల ఖర్చు, ఎదురుచూడటం అనుకుని అవునని నొక్కిన మాట, దానికి వాళ్లు చెప్పుకునే అర్థం, అన్నీ. సిగ్గులేకుండా ముక్కు చీదుకుంటూ చెప్పాను. ఆమె సూది పట్టుకుని వింటూ ఉంది.

‘అంటే, ఆ కంపెనీల మనింట్ల కూసు ఉన్నట్టు రాసుకున్నరా?’ అన్నది. పసిబిడ్డను ఆమె కూసు అనేది.

‘ఆ.’

‘ఎప్పుడు పుడ్తదంట?’

‘ఏప్రిల్‌ల అని ఉన్నది.’

‘మంచిగనే ఉన్నదా అండ్ల?’

‘నిమ్మకాయంత అయిందన్నరు, ఇంక పెద్దగ అయ్యుంటది’ అన్నాను. అని, ఇక ఉండబట్టలేక, ‘రేపే పోయి తీసేపిస్త అత్తమ్మా. పైసలు పోతే పోనీ, ఖాతా బంద్ చేస్తే చేయనీ, అది నాకొద్దు’ అన్నాను.

ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

‘ఎందుకు తీసుడు? మనింట్ల లేకపాయె. అండ్లనన్న ఉండనియ్ బిడ్డా’ అన్నది. అని, కుట్టీ కుట్టని బొంతను ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.