బావ గీసిన గీతలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటల అబద్ధం. మోసి మోసి విసుగొచ్చింది. దీనికి పశ్చాత్తాపమని పెద్ద పేరు పెట్టను, మీరూ పెట్టకండి. నాకు వస్తున్నది కోపం. నా మీద, ఆ కారు మీద, దాని యజమాని మీద, ఆఖరికి నేను అన్యాయం చేసిన మనిషి మీద కూడా. అన్యాయమైపోయినవాడి మీద కోపమేమిటని అడుగుతారేమో. చెబుతాను.

ఆయన మా అక్క భర్త. మాది మెదక్ వైపు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో బావకు కార్ల బాడీ పని చేసే షెడ్డు ఉండేది. సొట్టలు తీయడం, తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతకడం. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పక్కనే పన్నెండేళ్లు చేశాను. బావ కన్ను గురించి అబిడ్స్ దాకా చెప్పుకునేవారు. కారు ముందు నిలబడి, ఒక కన్ను మూసి, డోరు సందు ఎక్కడ వెంట్రుకవాసి ఎక్కువుందో చెప్పేవాడు. స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉండేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. కళ్లజోడు లేకుండా, ఎక్కడా తడబడకుండా.

పదకొండేళ్ల కిందట ఒక వకీలు తన తాతగారి కారు తెచ్చాడు. నల్లటి పాత కారు. ఆ కాలపు కార్లకు డోరు తిరిగే మడత బందులు బయటికే కనిపిస్తాయి. వకీలుకు అది నామోషీ అనిపించింది. బందులు లోపల దాగాలట, బయట నున్నగా ఉండాలట. ఎవరు ఎక్కించారో ఆ బుద్ధి. తాత కాలం నుంచి కిర్రుమనకుండా డోరును మోసిన బందులవి. వద్దని బావ రెండుసార్లు చెప్పాడు. వకీలు వినలేదు.

బందులు లోపల దాచాలంటే డోరును మోసే పిల్లరును కోయాలి. కోసిన చోట ఉక్కు పెట్టె అతికి, అందులో బందు కూర్చోబెట్టాలి. పిల్లరు కోస్తే పాత బాడీ కదులుతుంది. అందుకని ముందే డోరు ఖాళీలో అడ్డంగా ఒక ఇనుప పైపు వెల్డింగ్ చేసి, పని అయ్యాక కోసేసి, ఆ మచ్చలను గ్రైండర్‌తో నున్నగా రుద్దుతాం. దాన్నే మేము పైపు కొట్టడం అంటాం.

బావ రెండువైపులా పిల్లర్ల మీద, మొన తీసిన ఇనుప చువ్వతో గీతలు గీశాడు. ఆ గీతల వెంటే కోయాలి. ఆ సాయంత్రమే ఊళ్లో ఆయన పెద్దనాన్న పోయారని ఫోన్ వచ్చింది. బయల్దేరుతూ, వకీలు వింటుండగానే నాతో, "నేనొచ్చేదాక ముట్టకు. ముట్టినా పైపు కొట్టకుండ కొయ్యకు" అన్నాడు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి చెప్పినట్టు చెప్పాడు. వకీలు నవ్వాడు. ఆ నవ్వు నాకు తగలరాని చోట తగిలింది.

మర్నాడు పొద్దున్నే కుడి పిల్లరు కోశాను. పైపు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదు? తొందరా? కాదు. పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నానా? అదీ సగమే. ఆయన వద్దన్నాడు కాబట్టి కోశాను, కొట్టమన్నాడు కాబట్టి కొట్టలేదు. ఇంతకు మించిన కారణం ఇన్నేళ్లు వెతికినా దొరకలేదు.

పెట్టెను గీతల మీదే అతికి, డోరు తగిలించి మూశాను. డోరు కింది మూల గడప పట్టీకి రాసుకుంది. రెండు సూతులు, అంటే పావు అంగుళం దిగింది. పిల్లరు కదిలిందని వెల్డింగ్ చల్లారకముందే నాకు తెలిసిపోయింది. అప్పుడు నేనేం చేశానో వినండి. గ్రైండర్ తీసుకుని, పైపు కొట్టి ఉంటే మచ్చలు ఎక్కడ పడేవో సరిగ్గా అక్కడ, రెండుచోట్ల రేకును మెరిసేలా రుద్దాను. లేని పైపుకు ఆనవాళ్లు పెట్టాను.

మూడోరోజు బావ వచ్చాడు. ఆయనకొక పద్ధతి ఉంది. పేపరు ముక్క చించి, డోరు సందులో పెట్టి మూసి లాగుతాడు. చుట్టూ ఎక్కడ పెట్టినా ఒకేలా జారి రావాలి. పైన జారింది. కింద చిరిగింది.

"పైపు కొట్టినవా?" అన్నాడు.

"కొట్టిన బావా."

మెరుస్తున్న మచ్చలను వేలితో తడిమాడు. తన గీతల వంక చాలాసేపు చూశాడు.

"గట్లయితే తప్పు నా గీతదేరా."

అంతే. తిట్టలేదు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అంతటి కన్ను ఉన్నవాడు, తన కన్నును వదిలేసి నా నోటిని నమ్మాడు. టేపు తీసి పిల్లరు కొలిస్తే నిమిషంలో దొరికిపోయేవాణ్ణి. ఎందుకు కొలవలేదు? చెంప మీద ఒక్కటి కొట్టి, నిజం చెప్పరా అంటే చెప్పేసేవాణ్ణి కదా? చెప్పేవాణ్ణేనా? ఏమో. నా అబద్ధాన్ని నేనే ఆడి, దాన్ని పట్టుకోలేదని ఆయన మీద కోపం పెంచుకున్నాను చూడండి, అలాంటివాణ్ణి.

వకీలు వచ్చి డోరు చూసి, వయసైంది, కళ్లు చూపించుకొమ్మని బావతో అన్నాడు. ఈ మధ్య ఆయనకు దగ్గరివి సరిగ్గా ఆనడం లేదని పక్కనుంచి నేనే అందించాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

అక్క ఆయనను కళ్ల దవాఖానకు తీసుకెళ్లింది. చూపు బాగానే ఉందన్నాడు డాక్టరు. బావ నమ్మలేదు. "డాక్టరు అట్ట మీది అచ్చరాలు చూపిచ్చిండు. నాకు నా తప్పు డోరు చూపిచ్చింది" అన్నాడట అక్కతో. ఆ నెలలోనే షెడ్డు నా చేతికి వదిలేశాడు.

కుడి పిల్లరును జాకీతో నెట్టి సరిచేశాను. ఎడమవైపు మిగిలింది. ఈసారి పైపు కొట్టాను. బావ గీసిన గీతల వెంటే, గీత దాటకుండా కోశాను. డోరు తగిలించి పేపరు పెట్టి లాగాను. చుట్టూ ఒకేలా జారి వచ్చింది, మొదటిసారికే. బావ నిజంగానే తప్పు గీశాడేమోనని అప్పటిదాకా నన్ను నేను జోకొట్టుకుంటూ వచ్చాను. ఆ పేపరు ముక్కతో అదీ పోయింది. వకీలు మురిసిపోయి, ఇటువైపు గీతలు నువ్వే గీశావా అని అడిగాడు. తల ఊపాను. బావను మించినవాడినని పేరొచ్చింది. ఇవాళ్టికీ ఆ పేరు మీదే తింటున్నాను.

బావ ఇప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల గోదాము దగ్గర కూర్చుంటాడు. తాళం తీయడం, వేయడం. వరస తప్పుతానేమోనని చర్చిలో చదవడం మానేశాడు. ఆ పని కూడా నాకే వచ్చింది. నేను చదువుతుంటే మూడో వరసలో కూర్చుని వింటాడు. కిందటి నెల మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇద్దరం రోడ్డు దాటుతున్నాం. బస్సు ఎంత దూరముందో జర చూడరా అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. దాని నంబరు నాకంటే ముందు ఆయనే చదివాడు. అయినా మోచెయ్యి వదల్లేదు.

ఈ వారం ఆ కారు రంగు కోసం మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఎడమ పిల్లరు మీద పాత రంగు గీకితే, పెట్టె మూలల దగ్గర, కోత దాటి ముందుకుపోయిన గీతల కొసలు బయటపడ్డాయి. బావ గీతలు. స్కేలు ఆనించి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇంకా రంగు వేయలేదు. వకీలు ఫోన్ చేస్తున్నాడు, ఎత్తడం లేదు. బావను తీసుకొచ్చి ఇది చూపించాలి. చూపిస్తానని మీకు మాట ఇవ్వను, నా మాట ఏపాటిదో మీకిప్పుడు తెలుసు. ఆయన క్షమిస్తే ఇంకా మండిపోతాను. క్షమించకపోతే అది న్యాయం. ఈ పొద్దున షెడ్డు తెరిచి, ఆ పిల్లరు ముందు నిలబడి, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇన్నేళ్లూ అనని మాట ఒకటి పైకే అన్నాను. బరువు దిగలేదు, కానీ ఊపిరి ఆడింది. అదే మాట మీ ముందు ఇంకోసారి అంటున్నాను.

పైపు కొట్టలే బావా.