ఉప్పక్క నాలుక

ఆదివారం పదకొండింటికి ఆ హోటల్ హాలులో పెట్టే తిండిని బ్రంచ్ అంటారు. పొద్దుటి ఫలహారానికి ఆలస్యం, మధ్యాహ్న భోజనానికి తొందర. వారమంతా ఇతరుల చేత పని చేయించి అలసిపోయినవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చి కిటికీల పక్కన కూర్చుంటారు. మూడయినా లేవరు. వాళ్లు తాగేదాన్ని పదహారేళ్లుగా వెనక వంటగదిలో కలుపుతున్నది ఉప్పక్క.

వైన్‌లో పంచదారా పళ్లరసమూ ఎవరైనా కలుపుతారు. ఈవిడ ఉప్పు కలుపుతుంది. పేరు అలా వచ్చింది. ముందురోజు టమాటాలు చిదిమి, పలచటి గుడ్డలో మూటకట్టి కుళాయికి వేలాడదీస్తే, తెల్లారేసరికి కింద గిన్నెలోకి రంగులేని నీళ్లు దిగుతాయి. చూడ్డానికి నీళ్లే, నోట్లో పోసుకుంటే టమాటా. దానికి కీరా దోసకాయ రసం, ఆలివ్ కాయల సీసాలో అడుగున మిగిలే ఊట, చల్లటి తెల్ల వైన్ కలపాలి. మిరియాల పొడి చిటికెడు. చివర్న ఉప్పు. టమాటా ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండదు కాబట్టి ఉప్పుకు కొలత లేదు. ఉప్పక్క గరిటెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకో రవ్వ," అనేది. ఆ మాటకు వంటగదిలో ఎదురు లేదు.

పక్కన కాయలు తరిగేది, రసం పిండేది, జగ్గులు మోసేది ఆవిడ తోటికోడలు. ఒకే ఇంట్లో ఉప్పక్కది కిందవాటా, తోటికోడలిది పైవాటా. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో పోతున్నారు. తోటికోడళ్లకు ఇంత పొత్తేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు.

పోయిన ఆదివారం మేనేజరు గుమ్మంలో నిలబడే చెప్పాడు: "వచ్చే నెల నుంచి ఈ పనికి ఒక్కళ్లు చాలు. ఎవరుంటారో మీరే తేల్చుకోండి."

"నేనుంటాను," అంది ఉప్పక్క. పక్కకు కూడా చూడలేదు.

ఆ పని మీద మోజు ఉండి కాదు. మోకాళ్లు అరిగాయి, మణికట్టు రాత్రంతా సలుపుతుంది. కానీ ఇంట్లో ఆవిడను ఏ సంగతీ అడిగేవాళ్లు లేరు. ఈ చల్లటి గదిలో, వారానికొక్కసారి, ఉప్పు సంగతైనా అడుగుతారు. అదీ పోతే ఇక తను ఎవరు?

ఆ రోజు ఇంటికి పోతూ తోటికోడలు బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

ఈ ఆదివారం ఎనిమిదింటికల్లా ఇద్దరూ బల్లకు అటూ ఇటూ నిలబడ్డారు.

"కీరాలు పిండావా?"

తోటికోడలు గిన్నె ముందుకు తోసింది.

"నోట్లో ఏమైనా పెట్టుకున్నావా ఏమిటే, మాట్లాడవు?"

"చెప్పింది చేస్తున్నాగా."

"మూతి ముడుచుకుని చెయ్యమన్నానా?"

"మూతి నాది. పని చూసుకో అక్కా."

ఉప్పక్క పెద్ద గంగాళంలో అన్నీ కలిపింది. ఉప్పు వేసింది, రుచి చూసింది, కళ్లు మూసుకుంది, ఇంకా వేసింది. సరిపోయిందనిపించాక ఎప్పటిలాగే గ్లాసులు కడగడానికి తొట్టి దగ్గరకు వెళ్లింది. తోటికోడలు జగ్గులు నింపి హాల్లోకి పంపింది.

పన్నెండు కాకముందే ఆరు జగ్గులు తిరిగొచ్చాయి. ఒక్కోదాంట్లో రెండు గ్లాసులకు మించి తరగలేదు. వెనకే మేనేజరు వచ్చాడు.

"ఇది తాగి చూశారా ఉప్పక్కా?"

"చూశాను. బాగానే ఉంది."

"మళ్లీ చూడండి."

చూసింది. చల్లగా ఉంది, టమాటా తెలుస్తోంది, చివర్న మిరియం గొంతులో గుచ్చుకుంది. వంక పెట్టడానికేం లేదు. "ఏమైంది దీనికి?" అంది. మేనేజరు ఆవిడ వంక వింతగా చూసి, తోటికోడలి వైపు తిరిగాడు. తోటికోడలు గరిటెడు తీసుకుని నాలుకకు తగిలించింది. ముఖం చిట్లించింది. గబుక్కున తల దించుకుంది గానీ ఉప్పక్క చూసేసింది.

"పది నిమిషాలు ఇవ్వండి," అంది తోటికోడలు. ఉప్పు పడని టమాటా నీళ్లు ఒక గిన్నెడు ఫ్రిజ్‌లోంచి తీసి గంగాళంలో పోసింది. కీరా రసం పోసింది, ఇంకో సీసా వైన్ వంచింది, కలియబెట్టి రుచి చూసింది. ఆవిడ కళ్లు మూసుకోలేదు. జగ్గులు మళ్లీ నిండి వెళ్లాయి. ఈసారి ఖాళీగా తిరిగొచ్చాయి.

హాలు ఖాళీ అయ్యాక ఇద్దరూ తొట్టి దగ్గర నిలబడ్డారు. ఒకరు కడుగుతుంటే ఒకరు తుడుస్తున్నారు.

"ఆ గిన్నెడు నీళ్లు ఎప్పుడు తీసిపెట్టావు?"

"ప్రతి వారం తీస్తాను."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు చలికాలం నుంచి. నువ్వు ఇటు తిరగ్గానే కలిపేదాన్ని."

ఉప్పక్క గ్లాసు కింద పెట్టింది. ఏడాదిగా మొగుడు అన్నం తింటూ మధ్యమధ్య చెంబెడు నీళ్లు తాగుతుంటే దాహమనుకుంది. ఆయన కూడా నోరెత్తలేదన్నమాట.

"చెప్పొచ్చుగా."

"చెప్తే మానేసి కూర్చుంటావు. నువ్వు లేకుండా ఈ బస్సెక్కి నేనొక్కదాన్నీ ఏం రాను?"

"మరి ఇవాళెందుకు కలపలేదు?"

తోటికోడలు గ్లాసును రెండుసార్లు ఎక్కువే తుడిచింది. "నేనుంటానన్నావుగా. ఉండి చూపించమని."

ఉప్పక్కకు కోపం రావాల్సింది. రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. చేతులు తుడుచుకుని మేనేజరు గదికి నడిచింది.

అతను ఫోన్ చూసుకుంటున్నాడు. "రండి. ఇవాళ ఏదో పొరపాటు జరిగింది, పర్లేదు. మీరే ఉంటారుగా? అందరికీ తెలిసింది మీరే."

ఊ అంటే చాలు. ఇంకో ఏడాది, రెండేళ్లు గడిచిపోవచ్చు. అతనికి రుచితో పెద్ద పనిలేదని ఆవిడకు తెలుసు. కానీ వచ్చే నెల నుంచి ఇటు తిరిగితే, వెనక గంగాళం దగ్గర ఎవరూ ఉండరు.

"నాకు ఉప్పు తెలియడం లేదు బాబూ," అంది. "ఆవిణ్ని ఉంచండి."

"అలాగే," అన్నాడతను, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. పదహారేళ్లకు అంతే. ఇంకేమైనా అంటాడేమోనని ఆవిడ కాసేపు నిలబడింది. అతను ఫోన్‌లో ఎవరికో ఏదో రాసుకుంటున్నాడు.

వంటగదిలో తోటికోడలు బల్ల తుడవడం ఆపి చూసింది. "ఏమన్నాడు?"

ఉప్పక్క బోర్లించిన పెట్టె మీద కూలబడి, చెప్పులు వదిలి, అరికాళ్లు ఒత్తుకుంది.

"కీరాలమ్మేవాడు అడుగున చేదువి దాస్తాడు. ఒక్కో కాయా కొన కొరికి చూసి తీసుకో."

తోటికోడలికి అర్థమవడానికి క్షణం పట్టింది. "అక్కా, నేను అది..."

"ఏడవకు. టమాటాలు చిదమలేదింకా. పోయి చిదుము."

"ఇవాళెందుకు, శనివారానికి ఇంకా ఆరు రోజులున్నాయిగా."

"అవును కదూ," అంది ఉప్పక్క. రోజు మరిచానని తనకే తెలిసింది. రెండో కాలు చేతుల్లోకి తీసుకుంది. ఎడమకాలు కన్నా కుడికాలు ఎక్కువ వాచింది.