ఒళ్లో తబలా

పోయిన తమ్ముడి తబలా అమ్మేద్దామని అమీర్‌పేటలో బస్సెక్కాను. కూర్చున్నాయన ఒకరు, నిలబడ్డ నా చేతిలోంచి తబలా సంచీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు. గుడ్డ మీదే ఆయన వేళ్లు ఆడసాగాయి.

“నువ్వే వాయిస్తవా అన్నా?”

అమ్మబోతున్నానని చెప్పడానికి సిగ్గేసి, అవునన్నాను.

“ఎవరి కాడా పైసల్లేవు, ఫంక్షన్లల్ల పాటలు పెట్టిస్తలేరు. నాది అమ్ముకున్న. ఇప్పుడొక ప్రోగ్రాం దొరికింది, పాతదన్న కొందామని తిరుగుతున్న. కానీ వాయించేటోణ్ణి అమ్ముమని అడగొద్దు గదా! జర మంచిగ చూస్కో.”

నిజం చెప్పలేకపోయాను. పంజాగుట్టలో సంచీ తీసుకుని దిగాను. పాత వాయిద్యాలు కొనే దుకాణంలో ఇవ్వబుద్ధి కాలేదు.

తర్వాత ఆయన కనిపిస్తారేమోనని చాలాసార్లు ఆ సంచీతోనే అదే బస్సెక్కాను. ఎవరెవరో అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరి వేళ్లూ కదల్లేదు.